ఎగుమతులు, జీడీపీ, నేను పోగొట్టుకున్న ఒక అటెంప్ట్: నా గ్రేడ్ బి ప్రిపరేషన్

మొన్న ఆర్‌బీఐ గ్రేడ్ బి, అంటే రిజర్వ్ బ్యాంకు ఆఫీసర్ పరీక్ష ఫైనల్ లిస్ట్ వచ్చింది. నా రోల్ నంబర్ ఉంది. అమ్మకి చూపించాక కూడా నాలుగుసార్లు మళ్లీ చూసుకున్నాను. అప్పటినుంచి ఒకటే ఫోన్లు, ఏం చదివావు, ఎక్కడ కోచింగ్ తీసుకున్నావు అని. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. కోచింగ్‌కి హైదరాబాదూ వెళ్లలేదు, భువనేశ్వరూ వెళ్లలేదు. ఆర్‌బీఐ గ్రేడ్ బి రెండో అటెంప్ట్‌లో వచ్చింది. బుక్ లిస్టులు మీ అందరి దగ్గరా ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోను. మొదటి అటెంప్ట్ ఎందుకు పోయిందో మాత్రం వివరంగా చెప్తాను, ఎందుకంటే అదే తప్పు ఆ తర్వాత నేను చదివిన చాలామంది ఆన్సర్లలో కనిపించింది.

మొదటిసారి ఫేజ్ 1 బాగానే దాటాను. ఫేజ్ 2లో ఈఎస్ఐ (ఆర్థిక, సామాజిక అంశాల పేపర్) డిస్క్రిప్టివ్‌లో ఎగుమతులకీ ఆర్థిక వృద్ధికీ ఉన్న సంబంధం మీద రాయాల్సి వచ్చింది. చూడగానే సంతోషం వేసింది, అంకెలన్నీ నోటికొచ్చు. 2022-23లో సరుకుల ఎగుమతులు 451 బిలియన్ డాలర్లు, 2023-24లో 437. అంటే 3 శాతం తగ్గాయి. అదే ఏడాది జీడీపీ అప్పటి అంచనా ప్రకారం 8.2 శాతం పెరిగింది. కాబట్టి మన వృద్ధికి ఎగుమతులతో పెద్దగా పనిలేదు, అంతా దేశీయ డిమాండే నడిపిస్తోంది అని గట్టిగా తేల్చి రాసి వచ్చాను. కొద్ది మార్కుల్లో కటాఫ్ పోయింది, పోయింది కూడా ఈఎస్ఐలోనే. నేను రాసిన ఒక్క అంకె కూడా తప్పు కాదు. అందుకే ఎక్కడ పోయిందో నెల రోజులు తల బద్దలు కొట్టుకున్నా అర్థం కాలేదు.

ఆ దసరాకి పలాస వెళ్లాను, గుణుపూర్ లైన్ బండిలో నౌపడ దాకా, అక్కడినుంచి పలాస. మా మావయ్య జీడిపప్పు కార్ఖానాలో గుమస్తా. ఆయన లెక్కలు రాసుకుంటుంటే పక్కన కూర్చుని, ఈ ఏడాది వ్యాపారం పెరిగిందా మావయ్యా అని ఊరికే అడిగాను. ఆయన పెన్ను పక్కన పెట్టి, "ఏ లెక్కలో అడుగుతున్నావమ్మా? డబ్బులోనా, బస్తాల్లోనా? జీడిపిక్కల రేటు పెరిగింది కాబట్టి డబ్బు ఎక్కువే కనపడతాది. బస్తాలు సూస్తే తగ్గాయి. పిక్కలకి పెట్టిందంతా తీసేసి మనకి మిగిలిందేటి అంటే అది ఇంకో లెక్క" అన్నారు.

నేను అలాగే ఉండిపోయాను. ఏడాదంతా చదివి నేను రాయలేనిది ఆయన ఒక్క మాటలో చెప్పారు. నేను ఎగుమతుల్ని డబ్బులో కొలిచాను, అదీ డాలర్లలో, ఆ ఏటి ధరల్లో. జీడీపీని 2011-12 స్థిర ధరల్లో కొలిచాను, అంటే ధరల పెరుగుదల తీసేసి, బస్తాల్లో. ఒకటి డబ్బు, ఒకటి బస్తాలు పెట్టి, ఇది తగ్గింది అది పెరిగింది అని తీర్పు చెప్పేశాను.

ఆ రాత్రే కూర్చుని ఆ ఏడాది లెక్క మళ్లీ వేశాను. డాలర్‌తో రూపాయి బలహీనపడింది కాబట్టి రూపాయల్లో చూస్తే సరుకుల ఎగుమతులు తగ్గలేదు, దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. 2022లో యుద్ధం వల్ల ఎగసిన చమురు ధర తర్వాతి ఏడాది దిగింది, మనం అమ్మే పెట్రోలియం ఉత్పత్తుల విలువ దాంతోపాటే దిగింది, అంటే ఆ తగ్గుదలలో ధర పాలు చాలా ఉంది. పైగా సేవల్ని నేను పూర్తిగా వదిలేశాను. అవి 325 బిలియన్ నుంచి 341 బిలియన్‌కి పెరిగాయి, రెండూ కలిపితే మొత్తం ఎగుమతులు కొంచెం పెరిగినట్టే. జీడీపీలో సగానికి పైగా సేవలే ఉన్నప్పుడు ఉత్త సరుకుల ఎగుమతుల్ని తెచ్చి దాని పక్కన నిలబెట్టడం ఏం న్యాయం?

దీనికన్నా గట్టి ఉదాహరణ 1991-92. అది నేను రెండో అటెంప్ట్‌కి ముందు కనీసం పదిసార్లు కాగితం మీద వేసి ఉంటాను. 1991 జులైలో రూపాయి విలువ తగ్గించారు. ఎగుమతులు రూపాయల్లో 32,553 కోట్ల నుంచి 44,042 కోట్లకు వెళ్లాయి, 35 శాతం పెరుగుదల. డాలర్లలో అదే ఏడాది ఒకటిన్నర శాతం తగ్గాయి. జీడీపీ పెరుగుదల ఒకటిన్నర శాతం లోపే. రూపాయల అంకె పట్టుకున్నవాడు ఎగుమతులు దూసుకుపోయాయని రాస్తాడు, డాలర్ అంకె పట్టుకున్నవాడు కుప్పకూలాయని రాస్తాడు, ఇద్దరూ అదే జీడీపీ అంకె పక్కన పెడతారు. దయచేసి మీ నోట్స్‌లో ప్రతి వృద్ధి రేటు పక్కనా అది ఏ కరెన్సీ, ఏ ధరలు అని రాసుకోండి. నా పాత నోట్స్‌లో ఒక్కదాని పక్కన కూడా లేదు.

ఇలాంటి ప్రశ్నకి ఇప్పుడైతే నేను జీడీపీలో ఎగుమతుల వాటాతో మొదలుపెడతాను, పైనా కిందా ఒకే కరెన్సీ, ఆ ఏటి ధరలే ఉంటాయి కాబట్టి ఈ గొడవ చాలావరకు ఉండదు. సరుకులూ సేవలూ కలిపి మన వాటా 1990లో 7 శాతం దగ్గర ఉండేది, 2013కి 25 శాతానికి చేరింది, అంటే ఆ మధ్య ఎగుమతులు జీడీపీ కన్నా వేగంగా పెరిగాయి. తర్వాత వాటా దిగింది, అంటే జీడీపీయే ముందు నడిచింది. అలాగని వాటా పెద్దదైతే గొప్ప అనుకోవద్దు, సింగపూర్‌కి అది 100 శాతం దాటుతుంది. జీడీపీలో లెక్కకొచ్చేది మనం చేర్చిన విలువ మాత్రమే, ఎగుమతిలో బిల్లు మొత్తం లెక్కకొస్తుంది. ఐవరీ కోస్ట్ పిక్కలు తెచ్చి పప్పు చేసి పంపినా, ముడి వజ్రం తెచ్చి సూరత్‌లో సానబెట్టి పంపినా అంతే, పిక్కల డబ్బు మనది కాదు. ఇది రాసేటప్పుడు నాకు మావయ్య మాటే వినపడుతుంది.

జీడీపీ వృద్ధిలో ఎగుమతుల పాలు ఎంత అని అడిగితే, జీడీపీలో వాటి వాటాని వాటి వృద్ధి రేటుతో గుణించండి. వాటా 22 శాతం, ఎగుమతుల వృద్ధి 10 శాతం అనుకుంటే 2.2 పాయింట్లు. వాటా, వృద్ధి రేటు రెండూ స్థిర ధరల్లోవే అయి ఉండాలి. దిగుమతులకీ అదే లెక్క వేసి తీసేస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఫైనాన్స్‌కి రోజూ గంట, మేనేజ్‌మెంట్ చివరి రెండు నెలల్లో, ఇంగ్లీష్‌కి టైపింగ్ ప్రాక్టీస్ తప్పనిసరి. పొద్దున్నే నాలుగున్నరకి లేచేదాన్ని, ఫోన్ వంటింట్లో అమ్మ దగ్గర ఉండేది, పదిన్నర దాకా ముట్టుకునేదాన్ని కాదు. చుట్టాల పెళ్లిళ్లు ఐదు వదిలేశాను, పొగరు అన్నవాళ్లు ఉన్నారు. ఊళ్లో కూర్చుని చదివితే వచ్చే పరీక్ష కాదన్నవాళ్లూ ఉన్నారు. పెద్ద ఊళ్లకి వెళ్లినవాళ్లు కష్టపడలేదని నేను అనను, కానీ ఒకే పట్టికని నలభై నిమిషాలు చూస్తూ కూర్చునే ఓపిక ఏ ఊళ్లో ఉన్నా మనమే తెచ్చుకోవాలి, నేను తెచ్చుకున్నాను, ఆ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

ఫేజ్ 2 రాయబోయేవాళ్లు ఈ లెక్క ఒకటి చేసి చూడండి. సరుకుల ఎగుమతులు 2019-20లో 313 బిలియన్ డాలర్లు, 2020-21లో 292, 2021-22లో 422. చివరి ఏడాది వృద్ధి 44 శాతం పైన వస్తుంది. 2019-20 నుంచి ఏడాదికి సగటున ఎంతో చక్రవృద్ధి లెక్కలో (సీఏజీఆర్) తీస్తే 16 శాతం దగ్గర రావాలి. రాకపోతే మెసేజ్ పెట్టండి, ఆదివారం సాయంత్రం కూర్చుని అందరికీ జవాబు రాస్తాను.