చర్చిల్ బెలూగాలు: మూడో వారం

శ్రీకాకుళంలో సాయంత్రం ఆరున్నర అయితే కెనడాలోని చర్చిల్‌లో ఉదయం ఎనిమిది. మూడు వారాలుగా ఆ వేళకి లాప్‌టాప్ ముందు కూర్చుంటున్నాను. జూలై, ఆగస్టుల్లో హడ్సన్ బే నుంచి వేల బెలూగాలు, అంటే తెల్ల తిమింగలాలు, చర్చిల్ నదీముఖానికి వస్తాయి. పడవకి బిగించిన కెమెరా నీళ్లలో ఉంటుంది. ఎక్స్‌ప్లోర్ సైట్‌లో లైవ్ చూడొచ్చు. దాని ఫొటోల్లోని గుర్తులు చెప్పే పని, మామూలు జనం పరిశోధనకి సాయం చేసే జూనివర్స్ సైట్‌లో, బెలూగా బిట్స్ పేరుతో, ఎవరైనా చేయొచ్చు. నేను అక్కడే నేర్చుకుని, నాకోసం విడిగా ఒక ఎక్సెల్ షీట్ మొదలుపెట్టాను.

ఇప్పటికి 212 స్క్రీన్‌షాట్లు. గుర్తు స్పష్టంగా ఉన్నవి 38.

ఏది ఏ బెలూగానో గుర్తుపట్టడానికి మొదటి వారం రంగును నమ్ముకున్నాను. అది పనికిరాలేదు. పిల్లలు బూడిదరంగులో ఉండి ఏళ్ల మీద తెల్లబడతాయి. పెద్దవి వేసవిలో గులకరాళ్ల మీద ఒళ్లు రుద్దుకుని పాత చర్మం వదిలించుకుంటాయి, దాంతో పసుపు చాయ పోతుంది. పైపై గీతలూ నిలవవు. లోతైన గాయపు మచ్చ, తోక అంచున తెగిన చోటు, వీపు గట్టు మీద నొక్కు, ఇవే నిలిచేవి. బెలూగాకి వీపున రెక్క ఉండదు, సన్నటి గట్టే.

రెండో వారం ఆమదాలవలస నుంచి మావయ్య వచ్చాడు. గేదెలు కాసే మనిషి. కాసేపు చూసి, "ఏటిరా, అన్నీ తెల్లగా ఒక్కలాగే ఉన్నాయి" అన్నాడు. కుడి రెక్క వెనక నెలవంకలాంటి మచ్చ ఉన్న దాన్ని చూపించాను. రెండు రోజుల ఫొటోలు పక్కపక్కన పెట్టి, రెండూ ఒకటే అన్నాను. మావయ్య రెండో ఫొటో దగ్గర ఆగాడు. "ఇది ఎల్లకిలా ఉంది కదా. మరి కుడి ఏది?"

నిజమే. బెలూగాలు కెమెరా దగ్గర పొట్ట పైకి తిప్పి ఈదుతాయి. తల మన కుడివైపు ఉండి మామూలుగా ఈదుతుంటే కనిపించేది దాని కుడి పక్క. అదే ఎల్లకిలా ఉంటే ఎడమ పక్క. నేను కలిపినవి రెండు వేర్వేరు పక్కలు! ఆ రాత్రి ఒంటిగంట వరకు 38 ఫొటోలూ మళ్లీ చూశాను. అయిదింటికి పక్క మార్చాల్సి వచ్చింది.

ఇప్పుడు ఫైలు పేరులోనే తేదీ, చర్చిల్ టైము, పక్క, ఎల్లకిలా ఉందా లేదా రాస్తున్నాను. ఎడమకీ కుడికీ వేర్వేరు ఫోల్డర్లు. ఒకే పక్కన రెండు గుర్తులు, వాటి మధ్య దూరంతో సహా కలిస్తేనే ఒకటిగా లెక్క.

ఆ లెక్కన ఖాయంగా దొరికింది ఒక్కటే. ఎడమ పక్కన రెండు చారలు, గట్టు చివర నొక్కు. ఆరు రోజుల తేడాతో రెండుసార్లు కనిపించింది. రెండోసారి పక్కనే బూడిదరంగు పిల్ల ఉంది. కుడి పక్క ఫొటో ఇంకా దొరకలేదు. దానికోసమే రేపు సెలవు పెట్టాను.