రేకుల ఇళ్ల వేడి కొలవడానికి విదేశీ గ్రాంటు: నా రెండేళ్ల అనుభవం

మా ట్రస్టు చిన్నది. సికింద్రాబాద్ పద్మారావునగర్‌లో రెండు గదుల ఆఫీసు, జీతం తీసుకునేవాళ్లం ముగ్గురం, తీసుకోని సార్ ఒకరు. ఆయన రిటైర్డ్ ఇంజనీరు, ట్రస్టు పెట్టింది ఆయనే. అడ్డగుట్ట వైపు బస్తీల్లో పిల్లలకు సాయంత్రం పూట చదువు చెప్పించడం మా అసలు పని. మార్చి దాటితే పిల్లలు రేకుల కింద కూర్చోలేక మానేసేవాళ్లు. అలా వేడి మా పనిలోకి వచ్చింది.

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఎండను వెనక్కి కొట్టేలా పైకప్పుకు తెల్లటి పూత వేయడం లాంటివి అందులో ఉన్నాయి. ఇళ్ల విషయానికొస్తే 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టేవాటికే తప్పనిసరి. చిన్న ఇళ్లవాళ్లు ఇష్టమైతే వేసుకోవచ్చు. మా బస్తీలో ఇల్లంటే 40 గజాలు. "మరి వీళ్ల ఇళ్లలో వేడి ఎవరు కొలుస్తారు?" అన్నారు సార్. కొలవాలంటే పరికరాలు కావాలి, మనుషులు కావాలి. 12 లక్షలు అవుతుందని లెక్క తేలింది. మా ఏడాది ఖర్చే 6 లక్షలు దాటదు. ఇక్కడి కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ నిధులు అడిగితే బడిసంచులు ఇస్తామన్నారు గానీ కొలతలకు ఇస్తామన్నవాళ్లు లేరు. దాంతో విదేశీ గ్రాంటు వెతికే పని నా నెత్తిన పడింది.

మొదటి నెల చేసిందంతా వృథా. రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని, కనిపించిన ప్రతి సంస్థనూ ఎక్సెల్‌లో ఎక్కించాను. 63 వరసలు అయ్యాయి. చూసుకుని మురిసిపోయాను కూడా. ఆ తర్వాత ఒక్కొక్కరి అర్హతల పేజీ తెరిచి చదివితే సగం పైగా "మేం అడగనిదే ప్రతిపాదనలు పంపొద్దు" అన్నవే. పెద్ద ఫౌండేషన్లు చాలావరకు అంతే, వాళ్లే పిలవాలి. కొన్ని ఆఫ్రికా దేశాలకే. కొన్ని పీహెచ్‌డీ ఉన్నవాళ్లకే. మన బంజారాహిల్స్‌లోనే ఉంది కదా అని ఇండియా అలయన్స్ మీద ఆశ పెట్టుకున్నాను. బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు, మన కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కలిసి 2008లో మొదలుపెట్టిన సంస్థ అది. కానీ వాళ్లిచ్చేవి వైద్య, ఆరోగ్య రంగాల్లోని పరిశోధకులకు ఫెలోషిప్‌లు, పరిశోధన గ్రాంట్లు. మాలాంటి ట్రస్టుకు అక్కడ చోటు లేదు. 63లో 7 మిగిలాయి.

అమెరికాలో ఓ స్వచ్ఛంద సంస్థకు లెక్కలు రాసే నా కాలేజీ స్నేహితురాలు ఫోన్‌లో నవ్వింది. "వాళ్లు ఏం చెప్తున్నారో ఎందుకే నీకు? ఎవరికిచ్చారో చూడు" అంది. అక్కడి ప్రైవేటు ఫౌండేషన్లు ఏటా 990-పీఎఫ్ అనే పన్ను ఫారం దాఖలు చేస్తాయి. ఎవరికి ఎంత ఇచ్చారో అందులో ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. ప్రోపబ్లికా అనే అమెరికా వార్తా సంస్థ వెబ్‌సైట్లో, నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్‌లో పేరు కొడితే ఉచితంగా వస్తాయి. బ్రిటన్ దాతలు ఎవరికిచ్చారో వెతకడానికి గ్రాంట్‌నావ్ అనే వెబ్‌సైటు ఉంది, అదీ ఉచితమే. నాకు అసలు చదువు అక్కడ మొదలైంది. చిన్న సంస్థలంటే తమకు ప్రాణమని పేజీ నిండా రాసుకున్న ఓ ఫౌండేషన్, మూడేళ్లలో మన దేశంలో ఇచ్చిన డబ్బంతా ఢిల్లీ, ముంబైల్లోని పెద్ద సంస్థలకే ఇచ్చింది. దానికి దరఖాస్తు రాయకుండానే కొట్టేశాను. నేను ముందు పట్టించుకోని ఓ బ్రిటిష్ సంస్థ మాత్రం ఇళ్లు, వేడి అనే అంశం మీద చిన్న చిన్న మొత్తాలు ఇస్తూ వస్తోంది. అది జాబితాలో పైకొచ్చింది.

ఈలోగా ఒక మెయిల్. మీ ట్రస్టు రెండు లక్షల డాలర్లకు ఎంపికైంది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి అని. మేం దరఖాస్తే పెట్టలేదు. ఇచ్చేవాడు ఎదురు డబ్బు ఎందుకు అడుగుతాడు? అమీర్‌పేటలో ఓ కన్సల్టెంటు ప్రతిపాదన రాసిపెడతానని, వచ్చినదాంట్లో పది శాతం ఇమ్మని అడిగాడు. సార్‌కు చెబితే చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టి నావైపు చూశారంతే.

అసలు గోడ ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. విదేశీ విరాళం తీసుకోవాలంటే కేంద్ర హోం శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలని తెలుసు, ఫారం నింపితే వస్తుందనుకున్నాను. హిమాయత్‌నగర్‌లో మా ఆడిటర్ గారి ముందు మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు పెట్టాను. సంస్థకు మూడేళ్ల వయసుండాలి, ఉంది. గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో అసలు కార్యక్రమాల మీద కనీసం 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. "మనది 17 దాటింది సార్" అన్నాను గర్వంగా. ఆయన కళ్లజోడు సర్దుకుని పెన్నుతో ఒక్కో పద్దు పక్కన టిక్కు పెడుతూ వెళ్లారు. "ఆఫీసు అద్దె, కరెంటు, నా ఫీజు, ఇవన్నీ అడ్మిన్ అమ్మా. తీసేస్తే 13 చిల్లర. ఎంత ఖర్చు పెట్టారన్నది కాదు, ఏ పద్దు కింద రాశారన్నది చూస్తారు." ఇంకో దారి ఉంది, ముందస్తు అనుమతి. ఫలానా దాత, ఫలానా పనికి, ఫలానా మొత్తం ఇస్తానని రాసిచ్చిన ఉత్తరం జతచేసి ఆ ఒక్క గ్రాంటుకే అనుమతి అడగొచ్చు. దాతలకు రాస్తే వాళ్లేమో, ముందు అనుమతి చూపించండి, ఆ తర్వాతే ఉత్తరం అన్నారు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు.

పోనీ రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ ద్వారా తెప్పించుకుందామా అంటే, ఒకప్పుడు అలా కుదిరేది. 2020 సెప్టెంబరు సవరణతో అదీ పోయింది. విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. అవతలివాళ్లకు రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. అడ్మిన్ ఖర్చుల పరిమితినీ అదే సవరణ 50 శాతం నుంచి 20కి దించింది. డబ్బు ముందుగా దిగాల్సింది ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే. నేను ఇవన్నీ ఆర్నెల్లు ఆలస్యంగా తెలుసుకున్నాను. ఎక్సెల్ తెరవకముందే ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లి ఉంటే ఆ రాత్రుళ్లు కాస్త నిద్రపోయేదాన్ని.

మిగిలిన దారి ఒక్కటే. నగరంలోనే ఉన్న ఒక పరిశోధన సంస్థ దరఖాస్తుదారుగా ఉండాలి. పరికరాలు వాళ్లే కొనాలి, బస్తీలో కొలతలు చూసే ఆడవాళ్లకు గౌరవ వేతనం వాళ్లే నేరుగా ఇవ్వాలి. మా ట్రస్టు ఖాతాలో రూపాయి పడదు. ఇది సార్‌కు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. "పని మనది, పేరు వాళ్లదా?" అన్నారు. నేనేం మాట్లాడలేదు. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు మెట్ల దగ్గర ఆగి, "కొలతలు బస్తీవాళ్లకు కూడా చెందుతాయని ఒప్పందంలో రాయించు" అన్నారు. రాయించాను. ఆ ఒక్క వాక్యం కోసం మూడు మీటింగులు అయ్యాయి.

అప్పటికే రెండు చోట్ల కాన్సెప్ట్ నోట్ స్థాయిలోనే, అంటే పూర్తి ప్రతిపాదనకు ముందు పంపే చిన్న నోటు చూసే తిప్పికొట్టారు. ఒకరు రెండు లైన్ల మెయిల్‌తో సరిపెట్టారు. రెండోవాళ్లు పుణ్యం కట్టుకుని సమీక్షకుడి వ్యాఖ్య పంపారు: అవగాహన కల్పిస్తామని తొమ్మిదిసార్లు రాశారు, ఏం కొలుస్తారో ఒక్కసారీ రాయలేదు అని. లెక్కపెట్టాను. నిజంగానే తొమ్మిది.

జాబితాలో పైకొచ్చిన ఆ బ్రిటిష్ సంస్థకు రాసేటప్పుడు ఇంగ్లిషులో మొదలుపెట్టలేదు. నోటుబుక్కు పట్టుకుని బస్తీకి వెళ్లి కూర్చున్నాను. మధ్యాహ్నం వేడి గురించి అడుగుతుంటే ఇళ్లల్లో పనిచేసే ఓ అక్క నన్ను ఆపింది. "పగటి ఎండ ఎట్లనో గట్ల గడుస్తది మేడమ్. పనికి పోతం, నీడ సూసుకుంటం. రాత్రే పండలేక సస్తున్నం. ఒంటిగంటకు లేసి పిల్లలను బయట పండవెడ్త." మేం రాసుకున్న ప్రశ్నలన్నీ పగటివే. ఆ రాత్రే మార్చాం. 40 ఇళ్లు, సగం ఇళ్ల పైకప్పుకు తెల్ల పూత, మిగతా సగానికి ముందు కొలతలే, సీజన్ అయ్యాక వాటికీ పూత. ప్రతి ఇంట్లో వేడిని దానంతటదే నమోదు చేసే డేటా లాగర్, పావుగంటకో కొలత, రాత్రి పది నుంచి తెల్లారి ఆరు దాకా ప్రత్యేకంగా లెక్క. భాగస్వామి సంస్థలోని పరిశోధకురాలు ఆ పేజీ చదివి, "ఇప్పుడు ఇది ప్రపోజల్ అండీ" అన్నారు.

నిద్ర గురించి అడుగుతున్నాం కాబట్టి, మనుషుల మీద చేసే పరిశోధనలను పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. సమ్మతి పత్రం తెలుగులో, ఉర్దూలో రాశాం. చదవడం రానివాళ్లకు సాక్షి ముందు చదివి వినిపించి వేలిముద్ర. కమిటీ దాన్ని రెండుసార్లు తిప్పి పంపింది, రెండోసారి ఉర్దూలో ఒక్క పదం కోసం. బడ్జెట్టు పౌండ్లలో వేయాలి. అప్పుడు పౌను 105 రూపాయలకు అటూఇటూ ఉంది, మేం 100 లెక్కన వేసుకున్నాం. రేటు పడితే కోత పడేది బస్తీ ఆడవాళ్ల వేతనానికే కదా. 40 లాగర్లకు 5 అదనంగా అడిగాం, ఎందుకో ఒక వాక్యం రాశాం: పిల్లలున్న ఇళ్లు.

గడువు 2024 ఏప్రిల్‌లో, బ్రిటన్ సమయం సాయంత్రం 4 గంటలు. మనకు రాత్రి 9:30 అని గోడ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టాను. ఆ రోజు సాయంత్రం ఏడింటికి స్నేహితురాలు మామూలుగా ఫోన్ చేసి, "అక్కడ మార్చి ఆఖరి ఆదివారం గడియారాలు ముందుకు జరిపారు, గుర్తుందా?" అంది. అంటే 8:30. మిగిలింది గంటన్నర. వర్డ్‌లో సరిపోయిన సారాంశం పోర్టల్‌లో ఎక్కువైందని ఎర్రగా చూపిస్తోంది, అది ఖాళీలతో సహా అక్షరాలు లెక్కపెడుతోంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫోన్ హాట్‌స్పాట్ మీద, సార్ పక్కన టార్చి పట్టుకుని నిలబడితే, విశేషణాలు ఒక్కొక్కటే తీసేశాను. 8:11కి పంపాం. టెన్షన్‌లో నేను తీసేసిన వాటిల్లో ఒక్కటీ అవసరమైన మాట లేదని మర్నాడు చదివితే తెలిసింది.

సెప్టెంబరులో సరేనన్నారు. ఆ తర్వాత భాగస్వామి సంస్థ కాగితాల తనిఖీ, ఒప్పందం సవరణలు, డబ్బు వచ్చేసరికి 2025 జనవరి. అదే శీతాకాలంలో అమెరికా ప్రభుత్వ గ్రాంట్లకు కూడా తలుపు తెరిచి ఉంచుదామని, వాటికి దరఖాస్తు చేసే సంస్థలకు ఉండాల్సిన యూఈఐ అనే గుర్తింపు నంబరు తీసుకున్నాం. ఒక దరఖాస్తులో "పద్మారావునగర్" అని, ఇంకోదాంట్లో రెండు ముక్కలుగా "పద్మారావు నగర్" అని నేనే రాసినందుకు చిరునామా కలవక రెండు నెలలు తిరిగాం. నంబరు చేతికొచ్చిన వారానికి, జనవరి 20న, కొత్త అధ్యక్షుడు విదేశీ సాయాన్ని 90 రోజులు నిలిపేశాడు. విదేశీ సాయం పంచే అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్ఎయిడ్, జులై 1తో ఆ పనే ఆపేసింది. ఆ నంబరు ఫైల్లో భద్రంగా ఉంది.

2023-24 లెక్కలతో మా 15 లక్షలూ దాటాయి. ఈసారి ఏది కార్యక్రమమో ఏది అడ్మినో నేనే ముందు విడదీసి పట్టుకెళ్లాను. ఆడిటర్ గారు టిక్కులు పెట్టి, రిజిస్ట్రేషన్ దరఖాస్తు ఎఫ్‌సీ-3ఏ దాఖలు చేశారు. ఎదురుచూస్తున్నాం.

మే నెలలో లాగర్ల కొలతలు దించుకోవడానికి వెళ్లినప్పుడు ఆ అక్క ఇంటికి వెళ్లాను. "ఈ డబ్బల ఏమున్నది మేడమ్?" అంది. ఫోన్‌లో గ్రాఫు చూపించాను. పూత లేని ఆ ఇంట్లో రాత్రి ఒంటిగంటకు కూడా లోపలి గీత బయటి గీతకు పైనే నడుస్తోంది. వేలుపెట్టి చూపిస్తూ వివరించాను. ఆమె కాసేపు చూసింది. "ఇది నేను నీకు నిరుడే చెప్పిన గద" అంది.

ఆ మాటను ఆర్నెల్ల రిపోర్టులో ఉన్నదున్నట్టు పెట్టొచ్చా అని భాగస్వామి సంస్థకు మెయిల్ పంపాను. జవాబు ఇంకా రాలేదు.