లెవెల్ 8 కంప్యూటర్‌తో నా కుస్తీ

విజయవాడ పటమటలో మా ఇంట్లో స్ట్రీట్ ఫైటర్ 6 అనే కొట్లాట వీడియో గేమ్ పెట్టుకున్నాక నేను ముందు ఆడింది కంప్యూటర్‌తోనే. ఇందులో దానికి 1 నుంచి 8 దాకా లెవెల్స్ ఉంటాయి. ఒక్కోటీ ఎక్కుతూ పోతే ఆట దానంతట అదే వస్తుందని కొత్తవాళ్లు చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం.

కింది లెవెల్స్‌లో అవతలి బొమ్మ చాలాసేపు ఊరికే నిలబడుతుంది. మీదకి ఎగిరి తన్నినా పెద్దగా అడ్డుకోదు. ర్యూ అనే ఫైటర్‌తో హడోకెన్ (చేతుల్లోంచి వదిలే శక్తి బంతి) వేయడానికి వేలు అలవాటుపడేది ఇక్కడే కాబట్టి ఆ లెవెల్స్ దండగ అనను. కాకపోతే అస్తమానం ఎగిరే అలవాటు కూడా ఇక్కడే పాతుకుపోతుంది.

పైకి వెళ్లేకొద్దీ వ్యవహారం మారిపోతుంది. డ్రైవ్ ఇంపాక్ట్ అనే పెద్ద దెబ్బ తగలడానికి 26 ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) పడుతుంది. సెకనుకి 60 ఫ్రేములు, అంటే అర సెకను కూడా లేదు. మనం చూసి, గుర్తుపట్టి, బటన్ నొక్కేసరికి అందులో సగం పైనే అయిపోతుంది. లెవెల్ 8 మాత్రం దాదాపు ప్రతిసారీ అదే దెబ్బతో తిప్పికొడుతుంది. దానికి చూడాల్సిన పనే లేదు, మనం ఏ దెబ్బ మొదలెట్టామో ప్రోగ్రామ్‌కి అప్పటికే తెలుసు. దాన్ని ఓడించడానికి నేర్చుకున్న కిటుకులు మనుషుల దగ్గర పనిచేయవు.

గుంటూరు బ్రాడీపేట నుంచి మా మేనమామ కొడుకు వచ్చినప్పుడు నాతో కాసేపు ఆడి, "బావా, నువ్వు నాతో ఆడట్లేదు, ఇంకా కంప్యూటర్‌తోనే ఆడుతున్నావు. ముందు ట్రైనింగ్ మోడ్ తెరువు" అన్నాడు.

అసలు చదువు అక్కడ మొదలైంది. బొమ్మ ఎగరడం, నడిచి రావడం, హడోకెన్ వేయడం విడివిడిగా రికార్డు చేసి, ఏది ఎప్పుడొస్తుందో తెలియకుండా కలిపి నడిపించాం. అది ఎగిరితే షోర్యుకెన్ (పైకి లేస్తూ కొట్టే పంచ్): ముందుకి, కిందికి, ఆ రెంటి మధ్య మూలకి, వెంటనే పంచ్. దెబ్బలోని ఫ్రేములన్నిటినీ రంగుల్లో చూపే ఫ్రేమ్ మీటర్ పెడితే ఇంకా బాగా అర్థమవుతుంది. దెబ్బ మొదలవడం ఆకుపచ్చ, తగిలే సమయం ఎరుపు, తేరుకునే సమయం నీలం. షోర్యుకెన్ తగలకుండా పోయినప్పుడు ఆ నీలం ఎంత పొడుగ్గా సాగుతుందో చూస్తే, గుడ్డిగా ఎందుకు వేయకూడదో ఎవరూ చెప్పక్కర్లేదు.

మోడర్న్ కంట్రోల్స్‌ని కొందరు చిన్నచూపు చూస్తారు. నాకది నచ్చదు. ఈ పద్ధతిలో ఒక్క బటన్‌తో హడోకెన్ లాంటి స్పెషల్ వస్తుంది, బదులుగా దాని దెబ్బ 20 శాతం తగ్గుతుంది. న్యాయమైన బేరమే.

ఇప్పుడు నేను కంప్యూటర్‌ని మధ్య లెవెల్‌లో పెట్టి, ఎగరకుండా ఆడతాను. చెయ్యి వేడెక్కగానే ఆన్‌లైన్‌కి వెళ్తాను. బ్లాక్ చేసి కూర్చుంటే మనుషులు దగ్గరికొచ్చి, బ్లాక్‌తో ఆగని త్రో (పట్టుకుని విసరడం) వేసేస్తున్నారు. ఈ వారం రికార్డింగ్‌లో అదే పెట్టాను.