మాంగోడీబీలో ఐడీ ఎటువైపు పెట్టాలి?

మాంగోడీబీ డేటాబేస్, దాన్ని కోడ్ నుంచి వాడుకోవడానికి ఉన్న మాంగూస్ లైబ్రరీ కొత్తగా మొదలుపెట్టిన వాళ్లు ముందు అడిగేది పాప్యులేట్ (ఐడీ ఉన్నచోట దాని అసలు డాక్యుమెంట్ తెచ్చిపెట్టేది) ఎలా వాడాలని. అదేమంత కష్టం కాదు. అసలు తేల్చుకోవాల్సింది, రెండు డాక్యుమెంట్లను, అంటే డేటాబేస్‌లోని రికార్డులను, కలిపే ఐడీ ఎటువైపు ఉండాలన్నది.

ఒక షాపు యాప్ తీసుకోండి. కస్టమర్ డాక్యుమెంట్‌లోనే ఆర్డర్ల అర్రే (జాబితా) ఒకటి పెట్టి, ఆర్డర్ పడినప్పుడల్లా అందులోకి ఐడీ పుష్ చేసే పద్ధతి చాలా చోట్ల కనిపిస్తుంది. మొదట్లో బాగానే నడుస్తుంది కానీ ఆ అర్రేకి అంతు ఉండదు, డాక్యుమెంట్‌కేమో 16 ఎంబీ పరిమితి ఉంది, అంతదాకా పోకపోయినా కస్టమర్ పేరు కోసం క్వెరీ కొడితే, ఫీల్డులు ఎంచుకుని అడగనంతవరకు, ఆ అర్రే అంతా వెంటబడి వస్తుంది. అందుకే నేను కస్టమర్ ఐడీని ఆర్డర్‌లోనే పెట్టమంటాను. వెతకడం వేగంగా జరగడానికి ఆ ఫీల్డ్‌కి ఇండెక్స్ కూడా వేయండి, ఎందుకంటే ప్రతి డాక్యుమెంట్‌కి సొంతంగా ఉండే అండర్‌స్కోర్ ఐడీకి (_id) ఇండెక్స్ దానంతటదే వస్తుంది గానీ దీనికి రాదు. కస్టమర్ వైపు నుంచి ఆర్డర్లు కావాలంటే ఆర్డర్లలోని ఆ ఐడీని బట్టి వాటిని తెచ్చిపెట్టే వర్చువల్ పాప్యులేట్ ఉంది, అర్రే అక్కర్లేదు.

అలాగని అన్నింటినీ ఐడీలతోనే కలపకండి. కొన్నప్పటి ధర, డెలివరీ అడ్రస్ ఆర్డర్‌లో కాపీగానే ఉండాలి. రేపు చీర ధర పెంచితే పోయిన నెల బిల్లు మారిపోకూడదు కదా!

ఇంకో సంగతి, స్కీమాలో (ఏ ఫీల్డ్‌లో ఏముండాలో మాంగూస్‌కి చెప్పే నమూనాలో) ఈ ఐడీ ఎవరిదో చెప్పే రెఫ్ రాసినంత మాత్రాన డేటాబేస్ ఆ లింకుకి కాపలా కాయదు. రెఫ్ మాంగూస్‌కి మాత్రమే తెలుసు, అది ఇంకో క్వెరీ వేసి డాక్యుమెంట్ తెచ్చి అతికిస్తుంది. కస్టమర్‌ని డిలీట్ చేస్తే ఆర్డర్‌లో ఐడీ అలాగే ఉండిపోతుంది, పాప్యులేట్ చేస్తే నల్, అంటే ఏమీ లేదని, వస్తుంది. పేరు చూపించే ముందు ఆ చెక్ పెట్టుకోవాలి.

రెండింటినీ కలిపే ఈ పని (జాయిన్) డేటాబేస్‌లోనే జరగాలంటే, అగ్రిగేట్ అనే దశలవారీ క్వెరీలో మాంగోడీబీ 3.2 వెర్షన్‌లో వచ్చిన లుకప్ దశ వాడొచ్చు. ఇక్కడ బాగా టెన్షన్ పెట్టేది టైపు. ఒకవైపు ఆబ్జెక్ట్ ఐడీ (మాంగోడీబీ సొంత ఐడీ టైపు), ఇంకోవైపు అవే 24 అక్షరాలు స్ట్రింగ్‌గా, అంటే మామూలు టెక్స్ట్‌గా, ఉంటే, చూడ్డానికి రెండూ ఒకటే, లుకప్ మాత్రం ఎర్రర్ కూడా ఇవ్వకుండా ఖాళీ అర్రే చేతిలో పెడుతుంది. మామూలు ఫైండ్ క్వెరీలో అయితే మాంగూస్ స్కీమా చూసి స్ట్రింగ్‌ని మార్చేస్తుంది, అగ్రిగేట్‌లో మార్చదు. కాబట్టి యూఆర్ఎల్ నుంచి వచ్చిన ఐడీని అగ్రిగేట్‌లో డాక్యుమెంట్లను వడపోసే మ్యాచ్ దశకి ఇచ్చేముందు మనమే ఆబ్జెక్ట్ ఐడీగా మార్చుకోవాలి.