సగంలో నిలిచిపోయిన పెట్రోలు ముల్లు

మిర్యాలగూడ నుంచి నల్లగొండకు తిరిగి వస్తుండగా తిప్పర్తి దగ్గర మా కారు ఆగిపోయింది. ముల్లు మాత్రం సగం ట్యాంకు చూపిస్తూనే ఉంది. పిల్లలను ఎండలో ఉంచి బంకుకు పరుగెత్తవలసి వచ్చినందుకు నాకు చాలా బాధ కలిగింది. అందుకే లోపం ఎక్కడుందో స్వయంగా తెలుసుకోవాలనుకున్నాను.

ట్యాంకులో పెట్రోలుపై తేలే బెండు ఒకటి ఉంటుంది. మట్టం మారినప్పుడు బెండుకు అమర్చిన సన్నని కడ్డీ విద్యుత్తును అడ్డుకునే నిరోధకపు పట్టీ మీద జరుగుతుంది, ఆ నిరోధాన్ని బట్టే ముల్లు కదులుతుంది. చాలామంది ముందుగా మీటరునే మార్చేస్తారు. అది ఖరీదైన తొందరపాటని నా అభిప్రాయం.

వెనుక సీటు ఎత్తి, సెండరు (బెండు, కడ్డీ, పట్టీ కలిసిన ఆ అమరిక) కనెక్టరు ఊడదీసి, తాళం తిప్పగానే ముల్లు అడుగుకు పడిపోయింది. కొన్ని కార్లలో నిండుగా చూపుతుంది. ఎటైనా కదిలిందంటే మీటరు పనిచేస్తున్నట్లే, కాబట్టి అనుమానం ట్యాంకు వైపు మళ్లింది. బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి, తలుపులన్నీ తెరిచి, దరిదాపుల్లో నిప్పు లేకుండా చూసుకుని, మెకానిక్ చేత సెండరును బయటకు తీయించాను. నిరోధాన్ని ఓంలలో కొలిచే మల్టీమీటరు పెట్టి కడ్డీని వేలితో ఎత్తితే ఓంల అంకె సాఫీగానే మారింది, కానీ వదిలితే కడ్డీ కిందికి దిగకుండా సగంలోనే బిగుసుకుంది. కడ్డీ తిరిగే కీలు చుట్టూ గోధుమ రంగు జిగురు గట్టిపడి ఉంది. శుభ్రం చేస్తే కదిలింది గానీ, పిల్లలతో తిరిగే బండి కనుక కొత్త సెండరునూ, మూత కింది రబ్బరు రింగునూ వేయించాను.

తరువాత అయిదేసి లీటర్లు పోయించి చూశాను. ప్రతిసారీ ముల్లు పైకి జరిగింది.