మా సిస్టమ్‌లో పార్టులు ఎందుకు పోతూ వచ్చాయంటే

ఒంగోలు లాయర్‌పేటలో మాది. పైన మేం, కింద అన్నయ్య వాళ్లు, ఇంటికంతా ఒకటే త్రీఫేజ్ కనెక్షన్, అంటే మూడు ఫేజు తీగలూ, వాటన్నిటికీ కలిపి కరెంటు తిరిగి వెళ్లే ఒక న్యూట్రల్ తీగా. పై గదిలో కంప్యూటర్ సిస్టమ్ మీద డీటీపీ పని చేసుకుంటాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు. ముహూర్తాల రోజుల్లో సిస్టమ్ ఆగిందంటే చేతికొచ్చిన పని వేరే షాపుకు పోతుంది.

మొదట ఎస్‌ఎంపీఎస్, అంటే ఇంటి కరెంటును కంప్యూటర్‌కు సరిపడేలా మార్చి ఇచ్చే పెట్టె, పోయింది. ఫట్‌మన్న శబ్దం, కాలిన వాసన. దాన్ని విడిగా తీసి, 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగనూ నల్ల తీగనూ చిన్న వైరు ముక్కతో కలిపి చూశాను. బాగున్నదైతే ఫ్యాన్ తిరగాలి. తిరగలేదు. కొత్తది బిగించాం. కొన్నాళ్లకు అదీ పోయింది, పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది.

తలా ఒక మాట చెప్పారు. దుమ్మన్నారు, బ్లోయర్ పెట్టి కొట్టించాను. మే నెల ఎండలకు వేడెక్కుతోందన్నారు, క్యాబినెట్‌కు ఇంకో ఫ్యాన్ పెట్టించాను. లోకల్ ఎస్‌ఎంపీఎస్ అన్నారు, ఈసారి మంచి కంపెనీది కొన్నాను. పెట్టగానే మల్టీమీటర్‌తో చూస్తే పసుపు తీగ మీద 12.1, ఎర్ర తీగ మీద 5.03 వోల్టులు. అయిదు శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 12కు 11.4 నుంచి 12.6 దాకా. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా అదీ పోయింది.

క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి తిమ్మిరెక్కేది కాబట్టి ఎర్తింగే లోపమని అందరూ తేల్చారు. గుంట తీయించి, బొగ్గూ ఉప్పూ వేసి పైపు దించాం. తిమ్మిరి పోయింది. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్ల గుండా కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ బాడీకి వస్తుంది, ఎర్తింగ్ ఉంటే అది భూమిలోకి పోతుంది. ఆ పని తప్పకుండా చేయించాల్సిందే, కానీ పార్టులు పోవడానికి కారణం అది కాదు.

దారి చూపించింది యూపీఎస్. కొత్తది, బ్యాటరీ కూడా కొత్తదే. కరెంటు ఉండగానే టక్కుమని బ్యాటరీ మీదికి మారి కీ కీమని అరిచేది. ఎప్పుడు అరుస్తోందో గమనించడం మొదలుపెట్టాను. కింద ఏసీ ఆన్ అయినప్పుడు! అదే క్షణంలో నా గదిలో లైటు తగ్గాల్సింది పోయి ఇంకా వెలిగిపోతోంది. ఎల్‌ఈడీ బల్బులూ, ఫోన్ చార్జర్లూ ఆ గదిలోనే ఎక్కువగా పోవడం అప్పుడు గుర్తొచ్చింది. మల్టీమీటర్ ప్లగ్గులో పెట్టి, వదినను ఏసీ వెయ్యమన్నాను. 236 వోల్టులు ఉన్నది 270 దాటింది.

మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ బాబాయి వచ్చి, గోడను చూడలేదు, సిస్టమ్‌ను చూడలేదు, నేరుగా కింద మెయిన్ బోర్డు దగ్గరికి పోయాడు. సప్లై ఆపి న్యూట్రల్ లింకు విప్పాడు. అల్యూమినియం తీగ స్క్రూ కింద వదులై, మాడి, పైతొడుగు కరిగి ఉంది.

"ఇది చూడు అబ్బాయ్. నీ మిషన్‌ది కాదు తప్పు, ఇదీ" అన్నాడు.

న్యూట్రల్ గట్టిగా ఉన్నంత వరకు ప్రతి ఫేజూ దాని 230 అది తీసుకుంటుంది. వదులైతే రెండు ఫేజుల మధ్య ఉన్న 400 వోల్టులు లోడును బట్టి పంచుకుంటాయి. ఏసీ ఉన్న ఫేజులో తగ్గిపోతాయి, ఒక సిస్టమూ ఒక లైటూ ఉన్న నా ఫేజులో పెరిగిపోతాయి. 230 వోల్టుల ఏసీ కరెంటు ఎస్‌ఎంపీఎస్ లోపల దాదాపు 325 వోల్టుల డీసీ అవుతుంది. 285 వస్తే అది 400 దాటుతుంది. నా దగ్గర పోయిన మొదటి దాంట్లో 200 వోల్టుల కెపాసిటర్లు రెండు వరసగా ఉన్నాయి. అంటే తట్టుకునేది 400 వరకే. వాటి నెత్తులు ఎందుకు ఉబ్బాయో అప్పుడర్థమైంది.

మాడిన మేరకు తీగ కోసి, అల్యూమినియంకు సరిపడే లగ్గు (తీగ కొసకు తొడిగే లోహపు ముక్క) నొక్కి బిగించి, కొత్త లింకుకు బిగించాడు. మా లోపం మీటర్‌కు ఇవతల ఉంది కాబట్టి మేమే చేయించుకున్నాం. మీటర్ సీలు దగ్గరో, స్తంభం దగ్గరో అనుమానం ఉంటే చెయ్యి పెట్టకండి, కరెంటు వాళ్ల ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి. అల్యూమినియం వేడికి సాగి చల్లబడితే ముడుచుకుంటుంది, స్క్రూలు మళ్లీ వదులవుతాయి. అందుకని వేసవికి ముందొకసారి పిలిచి బిగించమని బాబాయి గట్టిగా చెప్పి వెళ్లాడు.

ఇప్పుడు ఏసీ వేసినా నా గదిలో 232, 234 దాటడం లేదు. వోల్టేజ్ హద్దు దాటితే కట్ చేసే పరికరం ఒకటి బోర్డులో పెట్టించి, పై హద్దు 260 దగ్గర సెట్ చేశాం. అన్నయ్య వాళ్ల ఫేజుకు కూడా ఒకటి తీసుకోవాలి.