షెర్మన్‌కు బరువు తెచ్చిన పని – నా అనుభవం

1/16 నిష్పత్తిలో రేడియో కంట్రోల్ ట్యాంకు కట్టాలని నిశ్చయించుకున్నప్పుడు నేను ఎంచుకున్నది అమెరికా వారి ఎం4 షెర్మన్, అందులోనూ 105 మిల్లీమీటర్ల హోవిట్జర్ (గుండును ఎత్తుగా విసిరే పొట్టి ఫిరంగి) అమర్చిన రకం. షెర్మన్ మీద నా మక్కువకు హైదరాబాదుతో సంబంధం ఉంది. ఒకప్పటి నిజాం అశ్వదళాల పరంపర నుంచి వచ్చిన డెక్కన్ హార్స్ రెజిమెంటు రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మాలోనూ, 1965 సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ వద్దా షెర్మన్లతోనే పోరాడింది. అయితే నాకు దొరికిన కిట్ 105 మి.మీ. రకానిది కావడం వల్ల, దానిని మన దళాల బండిగా మార్చి చరిత్రను వంచడం ఇష్టం లేక, 1945 జనవరిలో బెల్జియం వైపు ఆర్డెన్స్ అడవుల మంచులో నడిచిన అమెరికన్ ట్యాంకుగానే కట్టాను.

ఈ రకం గురించి ముందుగా చదువుకోవడం పని అంతటికీ దారి చూపింది. అమెరికన్ ట్యాంకు బెటాలియన్‌లో ఇవి సాధారణంగా ఆరు ఉండేవి. శత్రు ట్యాంకులను వేటాడటం కంటే పేలుడు గుండ్లతో పదాతిదళానికి అండగా నిలవడం వీటి ముఖ్యమైన పని. మిగిలిన షెర్మన్లలో టరెట్‌ను, అంటే ఫిరంగి ఉండే పై గదిని, తిప్పడానికి యంత్రశక్తి ఉండగా, వీటిలో మొదట అది లేదు. గన్నర్ చేతితో పిడి తిప్పుతూ టరెట్‌ను గురి వైపు మళ్ళించాల్సి వచ్చేది. ఈ ఒక్క విషయం తెలిశాక, నా బల్ల మీది మోటారు టరెట్‌ను గిర్రున తిప్పేస్తుంటే చూడలేకపోయాను. చేతిలోని ట్రాన్స్‌మిటర్‌లో టరెట్‌ను నడిపే ఛానెల్ పరిమితిని సగానికంటే కిందికి దించి, టరెట్ ఆగి ఆగి, కష్టపడి తిరుగుతున్నట్టు కనిపించేదాకా సర్దుతూ వచ్చాను. ఇత్తడి రేకుతో చేసిన ఏ అలంకారమూ ఇవ్వలేని నిజాన్ని ఆ సర్దుబాటు ఇచ్చింది.

అసలు ఈ నమూనాలలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది బరువు. బల్ల మీద కదలకుండా ఉండే నమూనాకు రంగు, రూపం చాలు. నడిచే దానికి మాత్రం చూసేవారి కంటికి 30 టన్నుల ఇనుము కదులుతున్నదన్న నమ్మకం కలగాలి. పొడవు పదహారో వంతుకు తగ్గితే ఘనపరిమాణం 4,096వ వంతుకు తగ్గుతుంది కాబట్టి, 30 టన్నుల ట్యాంకు లెక్క ప్రకారం ఏడు కిలోలకు కాస్త పైన తూగాలి. ప్లాస్టిక్ హల్ (టరెట్ కింద ఉండే ట్యాంకు శరీరం) అందులో సగం కూడా తూగదు. అందుకని చక్రాల చుట్టూ తిరిగే ప్లాస్టిక్ ట్రాక్‌లను పక్కన పెట్టి, విడిగా తెప్పించుకున్న లోహపు ట్రాక్‌లు వేశాను. బరువు నేలకు దగ్గరగా ఉంటే గుంతల మీద బండి ఎగిరిపడదు; ట్రాక్ పైభాగం కూడా తన బరువుకు తానే కొద్దిగా వేలాడి, తిరిగే రోలర్ల మీద సహజంగా కూర్చుంటుంది. హల్ అడుగున, బాలానగర్‌లోని ఒక లేత్ షాపులో కోయించుకున్న ఉక్కు పట్టీలు రెండు బిగించాను. ఏడు కిలోల దాకా వెళ్ళవచ్చు గానీ, ఆ భారం గేర్‌బాక్స్ పళ్ళ మీదా, రోడ్డు చక్రాలను జంటలుగా స్ప్రింగులతో మోసే బోగీల మీదా పడుతుంది. స్ప్రింగులు పూర్తిగా అణగిపోయాక సస్పెన్షన్ ఉన్నా లేనట్టే. అందువల్ల బోగీల చేతులు సగం ప్రయాణంలో నిలిచేంత బరువు దగ్గర ఆగాను.

వేగానికీ ఇదే లెక్క. షెర్మన్ రోడ్డు మీద గంటకు సుమారు 39 కిలోమీటర్లు పరుగెత్తేది. పదహారో వంతు అంటే గంటకు రెండున్నర కిలోమీటర్ల లోపే. అది పెద్దవాళ్ళు సాయంత్రం తీరిగ్గా నడిచే నడక. ఈ నమూనాలో కుడి ట్రాక్‌కు ఒకటి, ఎడమ ట్రాక్‌కు ఒకటి చొప్పున రెండు మోటార్లు విడివిడి గేర్‌బాక్స్‌లతో ఉంటాయి. రెండింటి వేగంలో తేడా తెస్తేనే బండి మలుపు తీసుకుంటుంది. ట్రాన్స్‌మిటర్ స్టిక్ మధ్య భాగం మెత్తగా స్పందించేలా ఎక్స్‌పొనెన్షియల్ అనే సర్దుబాటు అమర్చుకుని, బయలుదేరేటప్పుడు ఒక్కసారిగా దూకకుండా, నిదానంగా వేగం పుంజుకునేలా చేశాను. ఇక్కడ ఒక మాట చెప్పాలి. రెండు ట్రాక్‌లను ఎదురెదురుగా తిప్పి నిలుచున్న చోటే గిరగిరా తిరగడం ఈ బొమ్మలన్నిటికీ వచ్చు, చూసేవారూ ముచ్చటపడతారు. కానీ అసలు షెర్మన్‌కు ఆ విద్య రాదు. ఒక ట్రాక్‌ను నెమ్మదింపజేస్తూ వెడల్పైన చాపంలోనే అది మళ్ళేది. కనుక నేను ఆ విన్యాసం చేయించను.

రూపం పనిలో ఎక్కువ సమయం తీసుకున్నది ఉక్కు ఉపరితలం. ఈ రకం షెర్మన్‌లో హల్ రోలింగ్ మిల్లులో సాగదీసిన పలకలను వెల్డ్ చేసి కట్టినది. టరెట్, ముందు భాగంలోని ట్రాన్స్‌మిషన్ కవర్ మాత్రం పోత పోసినవి. చాలా నమూనాలలో బండి మొత్తానికీ ఒకే గరుకుదనం పూసేయడం చూస్తుంటాను, అది నాకు నచ్చదు. పోత భాగాల మీద పలచటి పుట్టీ రాసి, ఆరేలోపు గట్టి కుంచెతో పొడిచి, ఆరాక ఎమరీ పేపర్‌తో గుట్టలను తేలికగా అణిచాను. ఒక మిల్లీమీటరు ఎత్తు అంటే అసలు ట్యాంకు మీద 16 మిల్లీమీటర్లు అన్న సంగతి ఎప్పుడూ మనసులో ఉంచుకోవాలి. పోత గరుకు అంత లోతుగా ఉండదు. పలకల అతుకుల వెంట మాత్రం ఎం-సీల్‌ను సన్నటి దారంలా సాగదీసి పెట్టి, తడిపిన సూదితో అడ్డంగా నొక్కుతూ వెల్డింగ్ అలలను తెచ్చాను. 64 మి.మీ. మందం గల ముందు పలక అతుకు దగ్గర ఆ గీత కనిపించినప్పుడు ప్లాస్టిక్ అన్న భావన పోయింది.

చిన్న వివరాలను అమర్చేటప్పుడు రెండు విషయాలు నా చేతిని నడిపించాయి. బ్యాటరీ మార్చాలంటే పై హల్‌ను కింది హల్ నుంచి విడదీయాలి, కాబట్టి ఆ గీతను దాటి ఏదీ అతికించకూడదు. రెండోది, నడిచే బండి అదురుతుంది, మనుషులు దానిని ఎత్తుతారు, దింపుతారు. అందుకని హెడ్‌లైట్ కాపు కమ్మీలను ఇత్తడి పట్టీతో వంచి సోల్డరింగ్ చేశాను. పార, గొడ్డలి, గునపం, సమ్మెట ఒక్కొక్కదానికీ లోపల సన్నటి తీగ ముల్లు దిగేసి, హల్‌లో రంధ్రం చేసి నాటాను. లాగుడు తాడుకు కోఠి గుజరాతీ గల్లీలో దొరికిన సన్నని రాగి పోగులను పురి పెట్టుకున్నాను. రిసీవర్ యాంటెన్నా లోహపు పట్టీలకు దూరంగా టరెట్ లోపలి ప్లాస్టిక్ గోడకు చేర్చాను. బయట కనిపించే యాంటెన్నా వట్టి స్ప్రింగు తీగ మాత్రమే.

ఇసుక బస్తాలు పేర్చమని మిత్రులు సలహా ఇచ్చారు. ఐరోపాలో కొందరు సిబ్బంది అలా పేర్చుకున్నమాట వాస్తవమే. కానీ అంత శ్రమపడి తెచ్చిన వెల్డింగ్ గీతలనూ, పోత గరుకునూ కప్పేయడానికి మనసొప్పలేదు.

రంగు వేయడం వానాకాలంలో పడింది. గాలిలో తేమ ఎక్కువైతే లాకర్ రంగు మీద తెల్లటి పొగమంచులా పొర కడుతుంది, కనుక ముసురు లేని మధ్యాహ్నాలకే ఎయిర్‌బ్రష్ తీశాను, కంప్రెసర్‌కు తేమను పట్టే గిన్నెను బిగించాను. ముదురు ఆలివ్ రంగు వేసి, పలకల మధ్య భాగాలను కొంచెం లేతగా చేసి, నక్షత్రాలు అంటించి, వాటి మీద వార్నిష్ కొట్టాను. ఆ తర్వాత మంచు కాలపు సున్నం. ఆ చలికాలంలో సిబ్బంది దొరికిన సున్నాన్ని కలిపి చేతికందిన కుంచెలతో పూసుకున్నారు. అది వారాల్లోనే రాలి, అరిగి, కింది రంగు బయటపడేది. ఆ రాలుడు తేవడానికి వార్నిష్ మీద హెయిర్ స్ప్రే కొట్టి, దాని మీద పలచని తెల్ల అక్రిలిక్ రంగు వేసి, కాసేపటికి తడి కుంచెతో రుద్దాను. హెయిర్ స్ప్రే నీటికి కరగడంతో తెలుపు పొరలు పొరలుగా లేచింది. సిబ్బంది ఎక్కే చోట్ల, హ్యాచ్‌ల చుట్టూ, పనిముట్ల దగ్గర ఎక్కువగా లేపాను. టరెట్ పక్కలను చాలావరకు వదిలేశాను.

చక్రాలకూ, ట్రాక్‌లకూ అరుగుదల నేను వేయలేదు. బండిని అపార్ట్‌మెంటు వెనకాల ఇసుక, కంకర కలిసిన నేల మీద నడిపి, ట్రాక్‌ను లాగే ముందు పళ్ళ చక్రం (స్ప్రాకెట్) పళ్ళ మీదా, ట్రాక్ మార్గదర్శక కొమ్ముల మీదా, రోలర్ల అంచుల మీదా రంగు తనంతట తానే ఎక్కడ పోతున్నదో చూశాను. లోహం బయటపడిన చోట పెన్సిల్ గ్రాఫైట్‌ను వేలితో రుద్ది మెరుపు తెచ్చాను. ఊహించి వేసే గీతలకంటే ఇవి ఎంతో నమ్మదగినవి, ఎందుకంటే రాపిడి నిజంగా జరిగిన చోటే ఇవి ఉన్నాయి. బురద కోసం జల్లించిన మట్టిలో రంగు పొడి, మ్యాట్ వార్నిష్ కలిపి బోగీల మూలల్లో మాత్రమే నింపాను. తిరిగే భాగాల మీద పడితే అది గట్టిపడి చక్రాన్ని పట్టేస్తుంది.

నమూనాలో ఫిరంగి పేలినట్టు చేసినప్పుడు గొట్టం వెనక్కి జరిగి, మెరుపు వచ్చి, మోటార్ల కుదుపుతో హల్ మొత్తం వెనక్కి ఊగుతుంది. ఈ కుదుపును కూడా తగ్గించాను, బరువైన బండి అంతగా ఊగదు కాబట్టి. స్పీకర్‌ను హల్ అడుగుకు గట్టిగా బిగించి, చుట్టూ ఫోమ్ పెట్టాక, తొమ్మిది సిలిండర్ల రేడియల్ ఇంజిను గరగర శబ్దంలో సన్నటి ప్లాస్టిక్ మోత తగ్గి, లోతు వచ్చింది. ఆ ఇంజిను మూలం విమానాలది.

ఇక మిగిలినది నిర్వహణ. ఇసుకలో నడిపిన ప్రతిసారీ ట్రాక్ పిన్నులను బ్రష్‌తో దులిపి, ట్రాక్‌ను బిగించే వెనుక చక్రాన్ని (ఐడ్లర్) సర్ది బిగువు చూసుకుంటాను. లోహపు ట్రాక్‌లు వాడే కొద్దీ సాగుతాయి, బాగా వదులైనప్పుడు ఒక లింకు తీసేయాలి. గేర్‌బాక్స్ మూత విప్పి పాత గ్రీజును తుడిచి కొత్తది పూస్తాను. లిథియం పాలిమర్ బ్యాటరీ ఒక్కో సెల్ 3.3 వోల్టుల కంటే కిందికి దిగకముందే బండిని ఆపుతాను. ప్రస్తుతం పని సాగుతున్నది కమాండర్ బొమ్మ మీద: ఆరడుగుల మనిషి ఈ నిష్పత్తిలో దాదాపు 11 సెంటీమీటర్లు ఉంటాడు, హ్యాచ్‌లోంచి నడుము పైభాగమే కనిపిస్తుంది, చలికోటు మడతలు ఇంకా చెక్కాలి.